పోర్టబుల్ పెట్రోల్ జనరేటర్: వాడకం, జాగ్రత్తలు, నిల్వ

ఒకరో ఇద్దరో మోసుకెళ్లగలిగేంత చిన్నగా ఉండి, పెట్రోలు ఇంజనుతో ఆల్టర్నేటర్‌ను తిప్పి కరెంటు పుట్టించే యంత్రం పోర్టబుల్ పెట్రోల్ జనరేటర్. అర కిలోవాటు మొదలుకొని ఆరేడు కిలోవాట్ల దాకా దీని సామర్థ్యం ఉంటుంది. అంతకు మించిన అవసరాలకు డీజిల్ సెట్లు వాడతారు. వాటిని దిమ్మె కట్టి ఒకచోట బిగిస్తారు, లేదా ట్రాలీ మీద లాక్కెళ్తారు. పెట్రోల్ సెట్టుకు స్థిరమైన చోటంటూ లేదు. జాతరలో బజ్జీల బండి పక్కన, ఊరేగింపులో లైట్ల వెనక, మీటరు ఇంకా రాని కొత్త ఇంటి దగ్గర వెల్డింగ్ పనికి, తుపాను వెళ్లిన మర్నాడు అపార్టుమెంటు గేటు పక్కన, ఎక్కడ కావాలంటే అక్కడికి వస్తుంది. దాని ఉపయోగమూ ప్రమాదమూ రెండూ అందులోనే ఉన్నాయి.

జనరేటర్ వల్ల పోయే ప్రాణాలు యంత్రం చెడిపోయి పోవడం అరుదు. చక్కగా నడుస్తున్న యంత్రాన్ని పెట్టకూడని చోట పెట్టడం వల్ల, కలపకూడని తీగకు కలపడం వల్లే ఎక్కువగా పోతాయి. అలా పెట్టడానికి కారణాలు కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే: వానకు తడుస్తుందని, ఎవరైనా ఎత్తుకుపోతారని, చప్పుడుకు పక్కింటివాళ్లు గొడవకొస్తారని. ఈ మూడు భయాలకు జవాబు చెప్పని జాగ్రత్తల పట్టిక ఎంత పొడవుగా ఉన్నా ఎవరూ పాటించరు.

నేపథ్యం

అమెరికాలో 1916లో మార్కెట్లోకి వచ్చిన డెల్కో-లైట్ ప్లాంట్లు కరెంటు స్తంభాలు చేరని పల్లెల్లో దీపాలు వెలిగించాయి. ఇంజను, పక్కన బ్యాటరీల వరుస, అన్నీ ఒకచోట కుదురుగా ఉండే ఏర్పాటు అది. తేలిగ్గా మోసుకెళ్లే పెట్రోలు రకాన్ని 1921లో చార్లెస్ ఫెర్గూసన్ పెట్టిన హోమ్ ఎలక్ట్రిక్ లైటింగ్ కంపెనీ తెచ్చింది. ఆ కంపెనీయే తర్వాత హోమ్‌లైట్ అయింది. జపాన్‌లో హోండా 1965లో ఇ300ను విడుదల చేశాక, చేత్తో పట్టుకెళ్లే పెట్టె ఆకారపు జనరేటర్ ప్రపంచమంతా తిరిగింది.

మన దేశంలో చిన్న జనరేటర్ల కాలం 1980ల నడిమి నుంచి మొదలైంది. శ్రీరామ్ హోండా 1985లో ఏర్పడి, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రుద్రపూర్‌లో తయారీ చేపట్టింది. బిర్లా యమహా సెట్లూ అదే కాలంలో దుకాణాల్లో కనిపించేవి. వీటిలో చాలా రకాలు పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్ మీద నడిచేవి. ఇంజను వేడెక్కాక కాక్ తిప్పి కిరోసిన్‌కు మార్చడం, ఆపేముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి కార్బొరేటర్‌లోని కిరోసిన్‌ను కాల్చేయడం ఆనాటి షాపు కుర్రాళ్లకు చేతి అలవాటు. రేషన్ కిరోసిన్ తగ్గిపోయాక ఆ సెట్లు మూలనపడ్డాయి.

ఇళ్లలో ఇప్పుడు జనరేటర్ స్థానాన్ని ఇన్వర్టర్, బ్యాటరీ ఆక్రమించాయి. ఖర్చు లెక్క చూస్తే అందులో వింతేమీ లేదు. చిన్న పెట్రోల్ సెట్టు ఒక యూనిట్ కరెంటుకు సుమారు అర లీటరు పెట్రోలు తాగుతుంది. లీటరు వంద రూపాయలు దాటిన చోట యూనిట్ యాభై రూపాయలకు పడుతుంది. గంట రెండు గంటల కోతకు ఇది దండగ. బ్యాటరీ ఖాళీ అయ్యేంత సుదీర్ఘ అంతరాయానికి, లేదా అసలు లైనే లేని చోటికి మాత్రం దీనికి సాటి వచ్చేవి తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. సెల్‌ఫోన్ల ఛార్జింగుకూ, ట్యాంకులోకి నీళ్లెక్కించడానికీ జనరేటర్లే దిక్కయ్యాయి. రోజూ తుపానులాంటి పరిస్థితే ఉన్న నైజీరియాలో చిన్న టూ-స్ట్రోక్ జనరేటర్ ఒకదానికి జనం 'ఐ బెటర్ పాస్ మై నైబర్' అని పేరు పెట్టుకున్నారు. పక్కింట్లో చీకటి ఉండగా మనింట్లో బల్బు వెలిగితే కలిగే గర్వం ఒక్క నైజీరియాకే పరిమితం కాదు.

పనితీరు, లోడు

మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. మామూలు పెట్రోల్ సెట్టులో రెండు ధ్రువాల ఆల్టర్నేటర్ ఉంటుంది కాబట్టి, 50 హెర్ట్‌జ్ రావాలంటే ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. ఒక్క బల్బు వెలిగించినా, పూర్తి లోడు వేసినా అదే వేగం, అదే మోత. గవర్నర్ అనే అమరిక ఈ వేగాన్ని నిలబెడుతుంది. దాని స్ప్రింగును కదిపి 'రేసు పెంచితే' వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ పెరిగి ముందుగా టీవీ, తర్వాత ఫ్రిజ్ పాడవుతాయి. ఇన్వర్టర్ జనరేటర్లలో పుట్టిన కరెంటును ముందు డీసీగా మార్చి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ద్వారా మళ్లీ 50 హెర్ట్‌జ్ ఏసీగా ఇస్తారు. ఇంజను వేగానికీ ఫ్రీక్వెన్సీకీ ముడి తెగిపోవడంతో లోడు తగ్గితే ఇంజను నెమ్మదిస్తుంది. చప్పుడూ పెట్రోలూ కలిసివస్తాయి. ఖరీదు ఎక్కువే. అయినా కంప్యూటర్లు, వైద్య పరికరాలు నడపాల్సినవాళ్లు అటే చూడడం మంచిది.

సెట్టు మీద రెండు అంకెలు ఉంటాయి: కొద్దిసేపు ఇవ్వగల గరిష్ఠం, ఎడతెగకుండా ఇవ్వగల రేటెడ్. అమ్మేవాడు మొదటిది చెబుతాడు, కొనేవాడు రెండోది అడగాలి. మోటారు ఉన్న ప్రతి వస్తువూ స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా మూడు నుంచి ఆరు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక హెచ్.పి. నీళ్ల మోటారు అంటే 746 వాట్లని లెక్కేసి ఒక కిలోవాటు సెట్టు తెస్తే, స్విచ్ వేయగానే ఇంజను గుర్రుమని ఆగిపోతుంది. ముందు పెద్ద మోటారు స్టార్ట్ చేసి, అది కుదురుకున్నాక ఫ్యాన్లు, లైట్లు వేయాలి. గాలి పలచబడే కొద్దీ ఇంజను బలం తగ్గుతుంది. సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో అదే సెట్టు కాకినాడలో కన్నా అయిదారు శాతం తక్కువ ఇస్తుంది. రేటెడ్ సామర్థ్యంలో మూడొంతులు దాటకుండా వాడితే యంత్రం చాలాకాలం మన్నుతుంది.

కనిపించని పొగ

పెట్రోలు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. సైలెన్సర్ నుంచి వచ్చే పెట్రోలు కంపు వేరే పదార్థాలది. ఆ కంపు లేనంత మాత్రాన గాలి మంచిదని కాదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. దాంతో ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ఆక్సిజన్ అందదు.

ఇంత చిన్న ఇంజను అంత విషం ఎలా కక్కుతుందన్న సందేహం సహజం. కారులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, ఇంధనాన్ని కంప్యూటర్ తూచి పోస్తుంది. మామూలు జనరేటర్‌లో కార్బొరేటర్ ఒక్కటే. పైగా గాలితో చల్లబడే ఇంజను మరీ వేడెక్కకుండా ఉండడానికి గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ ఉండే మిశ్రమానికి దాన్ని సర్దుతారు. అందుకే ఒక్క పోర్టబుల్ జనరేటర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ వందల కార్లు వదిలేదానితో సమానమని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం హెచ్చరిస్తుంది. ఆ దేశంలో ఏటా సుమారు వంద మంది ఇలా చనిపోతున్నారని అదే సంస్థ చెబుతుంది. 2020 ఆగస్టులో లారా హరికేన్ లూసియానాను తాకినప్పుడు అక్కడ పోయిన ప్రాణాల్లో పెద్ద వాటా గాలివానకు పోయినవి కావు, ఆ తర్వాత ఇళ్లలో నడిచిన జనరేటర్ల పొగకు పోయినవి.

కేరళలో వడకర దగ్గర 2024 డిసెంబరులో రోడ్డు పక్కన ఆగిన ఒక క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడుస్తున్న జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ బండి నేలలోని రంధ్రం గుండా లోపలికి చేరిందని కాలికట్ ఎన్‌ఐటీ నిపుణుల పరిశీలనలో తేలింది. జనరేటర్ వాళ్లు పడుకున్న గదిలో లేదు. తీగ కోసమో పైపు కోసమో వేసిన ఒక్క బెజ్జం చాలు.

కాబట్టి 'బయట పెట్టండి' అన్న మాట సరిపోదు, ఎంత బయటో చెప్పాలి. ఇంటికి కనీసం ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్ల దూరంలో, సైలెన్సర్ నోరు తలుపులకూ కిటికీలకూ ఎదురుగా కాకుండా పెట్టాలన్నది అందరూ ఒప్పుకున్న కొలత. గాలి ఇంటివైపు వీస్తుంటే ఇంకాస్త దూరం జరపాలి. సెల్లార్ పార్కింగ్ బయట కిందికి రాదు. మూడు వైపులా తెరిచి ఉన్నట్టు కనిపించినా లిఫ్ట్ గుంత, మెట్ల దారి, బాత్రూమ్ డక్టులు పొగను పై అంతస్తులకు చేరుస్తాయి. బాల్కనీ బయట కాదు. సగం దించిన షట్టర్ వెనక దుకాణం అసలే కాదు. తలుపులన్నీ తెరిచి ఫ్యాన్ వేసుకుంటే చాలనేది భ్రమ. నీళ్లు తోడడానికో పూడిక తీయడానికో బావిలోకి ఇంజను దించి, దాని వెనకే మనిషి దిగడం అన్నిటికన్నా ఘోరం. పడిపోయిన మొదటివాణ్ని పైకి తెద్దామని దిగిన రెండోవాడూ పైకి రాడు.

లక్షణాలు మోసం చేస్తాయి. తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం: జ్వరం వస్తోందనో, ఎండదెబ్బనో, తాగినవాడైతే మందు ఎక్కిందనో అనుకుంటారు. ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి మొదలైతే, బయటికి రాగానే తగ్గితే, అనుమానం జనరేటర్ మీదికే పోవాలి. నిద్రలో ఉన్నవాళ్లకు ఈ హెచ్చరిక కూడా అందదు. కరోనా కాలంలో కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఇక్కడ పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ పట్టిన రక్తంగానే చదివి, స్పృహ తప్పుతున్న మనిషికి కూడా 98 చూపిస్తుంది. ఆ అంకె చూసి ఆసుపత్రికి వెళ్లడం ఆపకూడదు. బాధితుణ్ని బయటి గాలికి చేర్చి 108కి ఫోన్ చేయాలి, జనరేటర్ నడిచిందని డాక్టరుకు ముందే చెప్పాలి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు ద్వారా పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటన్నరలోపే తగ్గుతుంది. తేరుకున్నారనుకున్న కొందరిలో కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తడబాటు బయటపడతాయి. గర్భిణులకూ కడుపులోని బిడ్డకూ ముప్పు మరీ ఎక్కువ.

కొత్త సెట్లలో కొన్నిటికి ఈ వాయువు పెరిగితే ఇంజను దానంతటదే ఆగిపోయే సెన్సర్ ఉంటోంది. అమెరికాలో 2018 నాటి జి300 ప్రమాణం ఈ ఏర్పాటును కోరుతుంది. యూఎల్ 2201 ఇంకా గట్టిది, వెలువడే వాయువునే తగ్గించమంటుంది. మన దుకాణాల్లో దొరికే చాలా సెట్లలో ఇవి లేవు. పడకగదిలో బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం తేలిక. పొగ అలారం వేరు, ఇది వేరు.

ఇక మూడు భయాల సంగతి. వానకు కప్పు ఉండాలి, గోడలు ఉండకూడదు: నాలుగు గుంజలు పాతి, సెట్టుకు మూడు నాలుగు అడుగుల ఎత్తున వాలుగా రేకు వేసి, అన్ని వైపులా వదిలేయాలి. టార్పాలిన్‌ను సెట్టు మీదే కప్పితే ఇంజను ఉడికిపోతుంది, టార్పాలిన్ అంటుకుంటుంది. నేల మీద నీళ్లు నిలిచేచోట ఇటుకల మీదో చెక్క మీదో పెట్టాలి. దొంగ భయానికి గొలుసు, తాళం; చెట్టుకో, పాతిన ఇనుప రింగుకో కట్టేయవచ్చు. ఇరవై అడుగుల దూరానికి అవసరమైన కేబుల్ ఖర్చు జనరేటర్ ఖర్చులో భాగమని కొనేనాడే అనుకోవాలి. చప్పుడు విషయంలో చట్టం కొంత సాయం చేసింది: పెట్రోలు, కిరోసిన్ జనరేటర్ల శబ్ద శక్తి 2003 సెప్టెంబరు 1 నుంచి 86 డెసిబెళ్లు మించకూడదని కేంద్రం తయారీదారులకు పరిమితి విధించింది. అయినా అది చిన్న మోత కాదు. చప్పుడు తగ్గుతుందని సెట్టు చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టేవాళ్లున్నారు. వేడి గాలి బయటికి పోయే దారి లేక ఇంజను తన పొగనే మళ్లీ పీలుస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా పెరుగుతుంది.

లైన్‌మన్‌కు ఎదురొచ్చే కరెంటు

రెండు చివరలా మూడు పిన్నుల ప్లగ్గులు బిగించిన వైరు ఒకటి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఒక చివర జనరేటర్‌లో, రెండోది గోడ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది. ఇలాంటి వైరు తయారు చేయించుకున్నవాడు తన ఇంటితోపాటు వీధి తీగకు కూడా కరెంటు ఇస్తున్నాడు. మీటరు దాటి, సర్వీసు వైరు దాటి, ఆ 230 వోల్టులు స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక నుంచి చేరతాయి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు దిక్కులా పనిచేస్తుంది: పదకొండు వేల వోల్టులను తగ్గించగలిగినది, తిరగేసి ఇస్తే పెంచనూగలదు.

వీధిలో మిగతా ఇళ్ల లోడంతా మీద పడితే చిన్న జనరేటర్ తట్టుకోలేక ఆగిపోతుంది కదా అని వాదించేవాళ్లున్నారు. మామూలు రోజుల్లో అది కొంత నిజం. తుపాను రోజుల్లో లైను ఎక్కడో తెగి ఉంటుంది, తెగిన ముక్క మీద మీ ఇల్లొక్కటే ఉండవచ్చు. సరిగ్గా అలాంటి ముక్కను అతకడానికే లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకుని, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, తీగలో కరెంటు లేదని నమ్మి చెయ్యి వేస్తాడు. ఎల్‌సీ సబ్‌స్టేషన్ వైపు కరెంటును ఆపగలదు, మీ ఇంటి వైపు కరెంటును ఆపలేదు. తీగను నేలకు కలిపే డిశ్చార్జ్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెట్టాలన్న నిబంధన దీనికోసమే. వానలో, ఒత్తిడిలో, పొరుగు జిల్లా నుంచి వచ్చిన సిబ్బందితో ప్రతిసారీ అది జరుగుతుందని నమ్మి ఊరుకోకూడదు. మరో సంగతి: ఆ వైరు సాకెట్ నుంచి ఊడితే బయటికి కనిపించే పిన్నుల్లోనే 230 వోల్టులు ఉంటాయి. సరఫరా హఠాత్తుగా తిరిగొస్తే రెండు కరెంట్లూ ఢీకొని ఆల్టర్నేటర్ కాలిపోతుంది.

దీనికి విరుగుడు చేంజోవర్ స్విచ్. ఒకవైపు తిప్పితే బోర్డు కరెంటు, రెండోవైపు జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ కలిసే అవకాశమే ఉండదు. సింగిల్ ఫేజు ఇంటికి ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ మార్చే రెండు పోళ్ల రకం వేయించాలి. ఫేజు ఒక్కటి మార్చి న్యూట్రల్ వదిలేస్తే పని సగమే అయినట్టు. మెయిన్ ఆపేసి ప్లగ్గు గుచ్చుతానన్నవాడికి ఒకటే జవాబు: చీకట్లో, తొందరలో, ఇంట్లో ఇంకెవరో ఆ మెయిన్‌ను ఆన్ చేస్తారు.

చేంజోవర్ లేకపోతే ఇంటి వైరింగ్ జోలికే పోకుండా ఫ్రిజ్, లైటు, ఛార్జర్లను కేబుల్ ద్వారా నేరుగా జనరేటర్ సాకెట్‌కు తగిలించుకోవచ్చు. కేబుల్ మూడు తీగలది, రాగిది, 16 ఆంపియర్ల లోడుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల మందానిది కావాలి. చుట్టలో ఉన్న కేబుల్‌ను పూర్తిగా విప్పాలి. సగం చుట్టగానే ఉంచి ఎక్కువ లోడు వేస్తే లోపలి మడతలు వేడెక్కి కరిగిపోతాయి. కిటికీ సందులోంచి తెచ్చేటప్పుడు తలుపు కింద నలగకుండా చూడాలి, ఆ సందును గుడ్డతో మూయాలి. ఎర్తింగ్ గురించి అందరూ మాట్లాడతారు, కొందరే సరిగ్గా చేస్తారు. చాలా చిన్న సెట్లలో న్యూట్రల్‌ను బాడీకి కలపరు. అలాంటి సెట్టును చేంజోవర్ ద్వారా ఇంటికి కలిపితే, ఇంట్లోని ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే బ్రేకర్) షాకు తగిలినప్పుడు పడకపోవచ్చు. న్యూట్రల్‌ను ఎక్కడ భూమికి కలపాలో యంత్రంతో వచ్చిన పుస్తకం చూసి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ తేల్చాలి. ఇందులో పక్కింటివాళ్ల అనుభవం పనికిరాదు.

పెట్రోలు

పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. సున్నా కన్నా నలభై డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకోగల ఆవిరిని అది వదులుతుంది. నడుస్తున్న సెట్టులో పోయడం, ఆపిన వెంటనే పోయడం రెండూ ఒకటే. సైలెన్సర్ వేడి తగ్గేదాకా, కనీసం పావుగంట, ఆగాలి. రాత్రి పెళ్లి మధ్యలో పెట్రోలు అయిపోతే ఆ పావుగంట చాలా పొడవుగా అనిపిస్తుంది. అందుకే భోజనాల బంతి మొదలయ్యే ముందే ట్యాంకు నింపుకోవడం మేలు. నింపేటప్పుడు సెల్‌ఫోన్ టార్చి సరే, కొవ్వొత్తి, అగ్గిపుల్ల వద్దు. మూతి దాకా పోయకుండా, వేడికి వ్యాకోచించడానికి కాస్త ఖాళీ వదలాలి. కారిన పెట్రోలు పూర్తిగా ఆరాకే తాడు లాగాలి. పక్కన ఏబీసీ రకం పొడి అగ్నిమాపకం, అది లేకపోతే ఇసుక బకెట్టు ఉండాలి. నీళ్లు పోస్తే మండే పెట్రోలు నీటి మీద తేలి ఇంకా పరుచుకుంటుంది.

ఎంత నిల్వ ఉంచుకోవచ్చో 1934 నాటి పెట్రోలియం చట్టం చెబుతుంది. అమ్మకానికి కాని పెట్రోలు మొత్తం 30 లీటర్ల లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అయితే గాజు సీసా, జాడీ అయితే ఒక లీటరు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదు, మూత గట్టిగా బిగిసి ఉండాలి. కూల్‌డ్రింక్ సీసాలకు అందులో చోటు లేదు. బంకుల్లో సీసాల్లో పోయబోమని బోర్డులు పెట్టడం ఊరికే కాదు. డబ్బా నింపేటప్పుడు బండి డిక్కీలోనో సీటు మీదో కాకుండా నేల మీద దించి, నాజిల్ డబ్బా అంచును తాకేలా పట్టుకుంటే స్టాటిక్ నిప్పురవ్వ భయం ఉండదు.

నడపడం

స్టార్ట్ చేసే ముందు నేల సమతలంగా ఉందో లేదో, ఆయిల్ మట్టం ఎంత ఉందో చూడాలి. చాలా సెట్లకు 10డబ్ల్యూ-30 ఆయిల్ సరిపోతుంది. ఆయిల్ తగ్గితే ఆగిపోయే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. ఎంత తాడు లాగినా స్టార్ట్ కాని జనరేటర్‌ను మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లేముందు ఆయిల్ మూత విప్పి చూస్తే ఒక్కోసారి జబ్బు అక్కడే దొరుకుతుంది. చల్లని ఇంజనుకు చోక్ వేసి, తాడును బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అప్పుడు గట్టిగా లాగాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. స్టార్టయ్యాక చోక్ తెరిచి, రెండు మూడు నిమిషాలు లోడు లేకుండా నడిపి, ఆ తర్వాతే చేంజోవర్ తిప్పాలి. ఆపేటప్పుడు ఇదే క్రమం తలకిందులు. తడి చేతులతో సాకెట్ ముట్టుకోవద్దన్నది చెప్పనక్కర్లేని మాటే అయినా, తుపాను రాత్రి చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. పొడి గుడ్డ ఒకటి సెట్టు హ్యాండిల్‌కు కట్టి ఉంచడం మంచిది.

కొత్త సెట్టుకు మొదటి ఆయిల్ మార్పు ఇరవై గంటలకు, ఆ తర్వాత వంద గంటలకో ఆరు నెలలకో చేయాలి. ఎయిర్ ఫిల్టర్‌ను యాభై గంటలకోసారి, దుమ్ము లేచేచోట ఇంకా ముందే కడగాలి.

మూలన పెట్టేముందు

జనరేటర్లను వాడకం కన్నా వాడకపోవడమే ఎక్కువ పాడుచేస్తుంది. కార్బొరేటర్ అడుగున బౌల్ అనే చిన్న గిన్నె ఉంటుంది. అందులో నిలిచిన పెట్రోలు ఒకటి రెండు నెలల్లో ఆవిరై, జిగటగా మారి, చివరికి పాత వార్నిష్ వాసన వేసే గోధుమరంగు పొరగా మిగులుతుంది. పెట్రోలు చిమ్మే జెట్ రంధ్రం సూది మొన అంతే కాబట్టి ఆ పొర చాలు దాన్ని మూయడానికి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తాయి. పాత సెట్ల పుస్తకాల్లో పది శాతం మించిన ఇథనాల్ వద్దని ఉంటుంది. అలాంటివాటి రబ్బరు గొట్టాలను ఏడాదికోసారి చూసుకోవాలి, మెత్తబడినా పగిలినా మార్చాలి.

నెలకు మించి వాడని సెట్టుకు పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడపాలి. అప్పుడు బౌల్ దాదాపు ఖాళీ అవుతుంది; అడుగున ఉన్న స్క్రూ విప్పి మిగిలిన చుక్కలనూ దింపేయాలి. ట్యాంకులోది డబ్బాలోకి తీయాలి. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిల్ పోసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగితే ఆయిల్ సిలిండర్ గోడలకు అంటుతుంది. ప్లగ్గు మళ్లీ బిగించి, తాడు బిగువు తగిలిన చోట ఆపేయాలి. అక్కడ వాల్వులు రెండూ మూసి ఉంటాయి, తేమ లోపలికి పోదు. కోస్తాలో ఉప్పుగాలికి ఈ చివరి పని మానకూడదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయంతో జనరేటర్ ఉంచుకునే తీరంవాళ్లకు పూర్తిగా ఎండబెట్టిన సెట్టు అవసరానికి వెంటనే అందదు. నింపి వదిలేస్తే అవసరానికి స్టార్టే కాదు. ఆ మూడు నెలలూ నెలకోసారి పావుగంట, ఫ్యానో ఐరన్ పెట్టెనో తగిలించి లోడు మీద నడిపి, చివర్లో కాక్ కట్టేసి బౌల్ ఎండబెట్టడం నడిమి దారి. పెట్రోలు ట్యాంకులో కాకుండా విడిగా లోహపు డబ్బాలో ఉంచి, ప్రతి నెలా దాన్ని బైకులో పోసుకుని కొత్తది తెచ్చుకోవాలి.

పెట్టే చోటు పొడిగా, గాలి ఆడేలా, పొయ్యికీ గీజరుకూ దేవుడి దీపానికీ దూరంగా ఉండాలి. పెట్రోలు డబ్బా ఇంట్లో, మెట్ల కింద, పడకగది అటక మీద పెట్టకూడదు. ఎండ తగలని, తాళం వేసే బయటి కొట్టం మేలు. చల్లారకముందే ముసుగు కప్పకూడదు. కొంతకాలం కదలని సెట్టులో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని చీల్చి గూడు కట్టుకుంటాయి. సైలెన్సర్ నోట్లో కందిరీగలు మట్టి గూడు పెడతాయి. గుడ్డ ముక్క దోపితే రావు, కానీ ఆ గుడ్డకు ఎర్ర రిబ్బన్ కట్టి హ్యాండిల్ మీదికి కనిపించేలా వదలాలి, లేకపోతే స్టార్ట్ చేసేవాడు మరిచిపోతాడు.

తీసిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకుండా, సీలు వేసిన డబ్బాలో పాత ఆయిల్ కొనే మెకానిక్ షెడ్డుకు ఇవ్వాలి. చాలా నెలల తర్వాత మళ్లీ బయటికి తీసినప్పుడు కొత్త పెట్రోలు పోసి, గొట్టాల దగ్గర కారుతోందేమో కాసేపు చూడాలి. మొదటి నిమిషం తెల్లటి పొగ వస్తుంది, సిలిండర్‌లో పోసిన ఆయిల్ కాలడమే అది. పొగ ఆగాక, ఫ్రిజ్ తగిలించే ముందు, ఒక మామూలు బల్బు వేసి దాని వెలుగు నిలకడగా ఉందో లేదో చూసుకోవాలి. ఊగుతుంటే జెట్‌లో ఇంకా మురికి ఉన్నట్టు. కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయించాకే ఖరీదైన వస్తువులు తగిలించాలి.